తుగ్గలి సీమ జైన తీర్థములు

తుగ్గలి కర్నూలు జిల్లా పడమటి భాగమున, గుంతకల్లు నుండి డోనుకు పోవు రైలుదారిమీద నున్న చిన్న మండల కేంద్రము. తొలకరి జల్లు పడినంతనే జొన్నగిరి, పగిడిరాయి చేలలో వజ్రములు వెదకువారు గుమిగూడుట చేత ఈ ప్రాంతపు పేరు ఏటేట పత్రికల కెక్కుచున్నదే గాని, ఈ యూరిని కేంద్రముగా నుంచుకొని ఆగ్నేయమున ఎఱ్ఱగుడి, నైరృతిని కొనకొండ్ల, పడమట చిప్పగిరి, వాయవ్యమున ఆదవాని, దానికిని ఉత్తరమున పెద్దతుంబళము చుట్టివచ్చిన వానికి ఒక జైన క్షేత్ర పరంపర కనబడునన్న సంగతి ఎఱిగినవారు కొలదిమందియే. ఈ క్షేత్రము లన్నియు ఒక కాలమునకు గాని, ఒక శాఖకు గాని చెందినవి కావు. కొన్ని వేయేండ్లనాటి దిగంబర బసదుల, అనగా జైనాలయముల, శేషములు. కొన్ని రాజస్థాన గుజరాతు సీమలనుండి వచ్చి స్థిరపడిన శ్వేతాంబర వర్తకులు ఇటీవల నిర్మించుకొన్న ఆలయములు. మొదటివానికి చరిత్ర కలదు, జైనపూజ అరుదు. రెండవవానికి పూజ కలదు, స్థానిక చరిత్ర స్వల్పము. ఈ భేదమును గుర్తింపక బయలుదేరిన యాత్రికుడు పాలరాతి ఆలయమునందు హారతి కన్నుల కద్దుకొని, దానికంటె ప్రాచీనమైన కొండబండను చూడకయే మరలును.

నేటి జిల్లాల యెల్లలను బట్టి ఈ చరిత్రను చదువబూనుట పొరపాటు. ఆదవాని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడు వరకు బళ్ళారి జిల్లాలోనివి. కొనకొండ్ల అనంతపురము జిల్లాలోనిది. తుగ్గలి, పత్తికొండ ప్రాంతము మాత్రమే అంతకు ముందునుండియు కర్నూలుది. రాష్ట్రకూటుల కాలమునందును, తరువాత కల్యాణ చాళుక్యుల కాలమునందును ఈ నేల చాలవఱకు 'సిందవాడి వేయి' అను నాడునకు, అనగా సీమకు, చేరియుండెను. శాసనములు కన్నడమున నున్నవి. దానములిచ్చిన మహామండలేశ్వరులు కన్నడ ప్రభువుల సామంతులు. నేటికిని ఆదవాని సంతలో తెలుగును, కన్నడమును, దక్కనీ ఉర్దూను ఒక్క బేరములోనే విననగును. కావున ఇచ్చటి జైనమును తెలుగు జైనమనియు, కన్నడ జైనమనియు పంచుకొనుటకంటె, తుంగభద్రకు దక్షిణమున రేగడి నేలలకును, హంద్రి పుట్టిన మద్దికెర పొలములకును నడుమ వర్ధిల్లిన యొక సరిహద్దు జైనముగా గ్రహించుట మేలు.

యాత్రను ఎఱ్ఱగుడితో ప్రారంభించుట మేలు. గుత్తి నుండి పత్తికొండకు పోవు దారిలో, జొన్నగిరికి సమీపమున, గుండ్లమీద చెక్కిన అశోకుని శాసనము లిచ్చట 1929 ప్రాంతమున వెలుగులోనికి వచ్చినవి. పదునాలుగు ప్రధాన శిలాశాసనములును, చిన్న శిలాశాసనములును ఒక్కచోటనే కానవచ్చుట దీని విశేషము. అందులో నొక చిన్న శాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును సాగుట లిపిశాస్త్రజ్ఞుల నాశ్చర్యపఱచినది. ఇది జైన స్థానము కాదని స్పష్టముగా చెప్పవలసియున్నది. దారి చూపువారు కొందఱు బౌద్ధ జైనములను కలిపి చెప్పుదురు. అయినను ఇచ్చటి పండ్రెండవ శాసనము అన్ని పాషండముల వారును, అనగా అన్ని మతశాఖల వారును, ఒకరి ధర్మము నొకరు వినవలెననియు, పరమతమును నిందింపరాదనియు బోధించుచున్నది. ఢిల్లీ తోప్రా స్తంభముమీది ఏడవ శాసనమున ఆ చక్రవర్తియే నిర్గ్రంథులను, అనగా జైన యతులను, పేరు పెట్టి పేర్కొనినాడు. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమునకే యతులను తెలుపు శ్రమణ శబ్దము ఈ బండలమీద కెక్కిన దనుటకు ఎఱ్ఱగుడి సాక్ష్యము చాలును. అంతకు మించి దానిచే చెప్పింపబూనుట న్యాయము కాదు.

కొనకొండ్ల

ఈ సీమయంతటిలో జైన విద్వాంసులు శ్రద్ధతో తలచు ఊరు కొనకొండ్ల. గుంతకల్లునకు దక్షిణమున కొలది మైళ్ళలో, వజ్రకరూరు మండలమున నున్న ఈ గ్రామమునకు శాసనములలో కొండకుందె యని పేరు. దిగంబరులు మహావీరుని, గౌతమ గణధరుని స్మరించిన పిమ్మట ఏ ఆచార్యుని పేరు స్మరింతురో, సమయసారము, ప్రవచనసారము, నియమసారము, పంచాస్తికాయము అను ప్రాకృత గ్రంథములు రచించి ఆత్మతత్త్వ విచారమునకు మార్గము వేసిన మహనీయు డెవ్వడో, ఆ కుందకుందాచార్యునకు ఈ యూరిపేరే బిరుదుగా నిలిచెనని పలువురు పండితుల అభిప్రాయము. ఆయన దీక్షానామము పద్మనంది. ఆయన కాలమును క్రీస్తుశకారంభమునకు చేర్చువారును, కొన్ని శతాబ్దములు క్రిందికి దింపువారును గలరు. తమిళ జైనులు ఆయనను వందవాసి సమీపమునందలి పొన్నూరు కొండతో ముడిపెట్టి అచ్చట పాదముల నర్చింతురు. ఒక ఆచార్యుడు జన్మించిన యూరొకటి, తపస్సు చేసిన కొండ యొకటి యగుట అసంభవము కాదు గనుక ఈ వివాదమున పట్టుదల చూపనక్కఱ లేదు. దక్షిణ దేశమునందలి దిగంబర యతుల గురుపరంపరలలో పెక్కు 'కుందకుందాన్వయ' మని చెప్పుకొనుచున్నవి. శ్రవణబెళ్గొళ శాసనములు ఆయన భూమికి నాలుగంగుళముల యెత్తున సంచరించెనని కీర్తించుచున్నవి. అట్టి మహిమాన్వితుని పేరుగల యూరికి నేడు గుంతకల్లు నుండి పోవుట మిక్కిలి సులభము.

కొనకొండ్ల ప్రక్క గుట్టను గ్రామస్థులు రసాసిద్ధులగుట్ట యందురు. కప్పు లేని రాతి కట్టడమునందు బండమీద చెక్కిన తీర్థంకర మూర్తులు నిలుచున్నవి. చేతులు మోకాళ్ళవఱకు వ్రేలాడుచు శరీరమున కంటక, కాళ్ళు సమముగా నుంచి నిలిచిన ఈ భంగిమకు కాయోత్సర్గమని పేరు. తలపై మూడంతస్తుల గొడుగు, అనగా ముక్కొడె, చెక్కియుండుట చేత ఇవి తీర్థంకరులవి యని నిశ్చయింపవచ్చును. దిగంబరముగ నిలిచిన ఈ విగ్రహములను తరువాతి తరములవారు లోహమును బంగారముగా మార్చు సిద్ధులుగా భావించి, ఆ పేరనే మ్రొక్కుచు వచ్చిరి. రాయదుర్గము కొండమీదను జైన శిల్పములున్న స్థలమునకు ఇట్టి రససిద్ధుల కథయే అంటుకొనినది. మతము మాఱినను విగ్రహమును పగులగొట్టక, క్రొత్త పేరు పెట్టి కొబ్బరికాయ కొట్టిన పల్లెవారి వలననే ఈ శిల్పములు మిగిలినవన్నది నా అభిప్రాయము. పసుపు కుంకుమల క్రింద వాని రూపురేఖలు కొంత మఱుగుపడుటయు సత్యమే.

ఈ యూరి శాసనములలో 1081 నాటిది ముఖ్యమైనది. చాళుక్య చక్రవర్తి ఆఱవ విక్రమాదిత్యుని కాలమున నాళికబ్బె యను ఒక స్త్రీ గతించిన తన భర్త జ్ఞాపకార్థము కొండకుందె తీర్థమున చట్ట జినాలయమును నిర్మింపగా, సిందవాడి వేయిని పాలించుచుండిన మహామండలేశ్వరుడు జోయిమయ్యరసు దానికి దానము చేసెను. ఇందు గమనింపదగినవి రెండు. మొదటిది, పదునొకండవ శతాబ్ది నాటికే ఈ గ్రామమును 'తీర్థ'మని వ్యవహరించుట. అనగా యాత్రికుల రాకపోకలు నేడు పుట్టినవి కావు. రెండవది, ఆలయ నిర్మాత స్త్రీ యగుట. ఈ రెండవ యంశము ఒంటరిది కాదు. ఆలూరు సీమలోని హాళహర్వి శాసనము 932లో, సిందవాడిని పాలించు కన్నరుని భార్య చందియబ్బె నందవరమున ఒక జినాలయము కట్టించి దాని పోషణమునకు ఏర్పాటు చేసినట్లు చెప్పుచున్నది. నందవరమను పేరుగల ఊరు ఎమ్మిగనూరు పొరుగున నొకటి కలదు. బనగానపల్లె దగ్గఱ మఱియొకటి కలదు. సిందవాడి యెల్లలను బట్టి చూడ మొదటిదే తగియున్నట్లు తోచును. నేడు ఎమ్మిగనూరు నేత వస్త్రములకును, నీలకంఠేశ్వరుని జాతరకును ప్రసిద్ధము. అచ్చటికి జైన శిల్పమునకై పోవువా డెవ్వడును లేడు.

చిప్పగిరి

గుంతకల్లునకు ఉత్తరముగా, తుగ్గలికి పడమట నున్న చిప్పగిరి నేడు హరిదాసుల యూరు. పురందరదాసుని పరంపరకు చెందిన విజయదాసులు 1755లో ఇచ్చటనే దేహము చాలించిరి. కార్తిక శుద్ధ దశమినాడు వారి ఆరాధనకు కన్నడ దేశమునుండి భక్తులు వత్తురు. ఆ భక్తులలో తలయెత్తి గుట్టవైపు చూచువారు తక్కువ. గుట్టమీద పాత కోట గోడల నడుమ ఒక ప్రాచీన జైనాలయము కలదు. దానిని చూడబోవువారు హంపి హేమకూటము నందలి ఆలయ సముదాయమును తలచుకొనిన మంచిది. అలంకార బాహుళ్యము నాశించి పోవువారికి నిరాశ తప్పదు. కరకు నల్లరాతి గోడలు, బరువైన స్తంభములు, నేలబారు కప్పు, లోపల చల్లని చీకటి, ఇంతే. ఆ నిరాడంబరతలోనే ఒక గాంభీర్యమున్నదని నాకు తోచును.

జైనమిచ్చట ఎట్లు క్షీణించెనన్న ప్రశ్నకు సులభమైన సమాధానము లేదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణము కేంద్రముగా లేచిన వీరశైవోద్యమము వర్తకుల యాదరమును జైనమునుండి మరల్చెను, రాజపోషణము తగ్గెను. విజయనగర కాలమునందు వైష్ణవులతో కలహము రాగా, ఆనెగొంది, హొసపట్టణము, పెనుకొండ, కల్లేహ మొదలగు స్థలముల జైనులు బుక్కరాయలకు మొఱపెట్టుకొనిరనియు, ఆయన 1368లో ఉభయుల చేతులు కలిపి, జైన దర్శనమునకును వైష్ణవ దర్శనమునకును భేదము లేదని తీర్పు చెప్పెననియు శ్రవణబెళ్గొళ శాసనము వలన తెలియుచున్నది. ఈ చిత్రమునకు రెండవ ప్రక్కయు కలదు. అదే కర్నూలు సీమలో వెలసిన శ్రీశైలమున, మల్లికార్జునాలయ స్తంభముమీద, శ్వేతాంబర జైనుల శిరస్సులు ఖండించితినని ఒక వీరశైవ నాయకుడు గొప్పగా చెక్కించుకొనిన శాసనము పదునాఱవ శతాబ్ది ఆరంభమునకు చెందినది. బుక్కరాయల తీర్పును మాత్రమే చెప్పి ఈ స్తంభమును దాటవేయు చరిత్ర రచన సంపూర్ణము కాదు.

ఆదవాని, పెద్దతుంబళము

ఆదవాని పేరు వినగానే ప్రత్తి వ్యాపారమును, కోటయు, పదునేడవ శతాబ్దిలో సిద్ది మసూద్ ఖాను కట్టించిన జామియా మసీదును స్ఫురించును. కోట కొండమీద బండకు చెక్కిన తీర్థంకర మూర్తులున్నవని బళ్ళారి జిల్లా పాత గెజిటీరు నాటినుండియు తెలిసినదే. ప్రత్తి, నూనెగింజల బేరములకై వచ్చి స్థిరపడిన మార్వాడీ వర్తకులు ఆ మూర్తులను ఆదరించి, వాని యర్చనకు పూనుకొనిరి. అనగా దిగంబరులు చెక్కి విడిచిన రాతికి, అన్యభాష మాటలాడు శ్వేతాంబర గృహస్థులు వారసులైరి. వీరి పిల్లలు నేడు ఇంట మార్వాడీయు, అంగడిలో తెలుగును మాటలాడుచు, పర్యూషణ దినములలో దుకాణములు ముందుగా మూసి ఉపవాసములకు కూర్చుందురు.

ఆదవానికి ఉత్తరమున సుమారు 20 కిలోమీటర్ల దూరమున పెద్దతుంబళము కలదు. ప్రాచీన శివాలయములును, శాసనములును గల ఈ గ్రామమున బయల్పడిన పురాతన పార్శ్వనాథ విగ్రహమును ఆశ్రయించి శ్వేతాంబరులు నిర్మించినదే పార్శ్వమణి తీర్థము. ఇతర రాష్ట్రముల జైన యాత్రికులు ఈ సీమకు వచ్చుట ముఖ్యముగా దీనికొఱకే. తెల్లని ఆలయము, యాత్రికులకు ధర్మశాల, భోజనశాల, సాధు సాధ్వుల విశ్రాంతికి ఉపాశ్రయము, ఇవన్నియు ఒక్క ఆవరణలో నుండుట శ్వేతాంబర తీర్థముల పద్ధతి.

జైనేతరుడు మొదటిసారి ఇట్టి ఆలయమునకు పోయినచో కొన్ని మర్యాదలు తెలిసికొనవలెను. తోలు బెల్టు, తోలు సంచి, తినుబండారములు బయటనే విడువవలెను. ద్వారమున భక్తులు 'నిస్సీహి' యని పలికి లోనికి పోవుదురు. లౌకిక వ్యాపారములను గడప బయట విడిచితినని దాని భావము. దర్శనమునకు అందఱును అర్హులే గాని, మూలవిరాట్టును తాకి చందన కేసరములతో తొమ్మిది అంగములందు పూజించుటకు స్నానము చేసి, కుట్టని పూజావస్త్రములు ధరించి, నోటికి అడ్డుగా గుడ్డ కట్టుకొనవలెను. పూజారి కంటె గృహస్థుడే స్వయముగా అర్చించుట మన దేవాలయములకు అలవాటుపడినవారికి వింతగా నుండును. మొదటి పూజ, హారతి మొదలగు వానికి పండుగ దినములలో వేలము పాడుదురు. దీనిని 'బోలీ' యందురు. ఇట్లు చేరిన సొమ్ము దేవద్రవ్యము. అది ఆలయమునకే వినియోగింపవలెను గాని భోజనశాలకు గాని, ధర్మశాలకు గాని మఱల్పరాదని వారి కట్టడి.

గర్భగుడి యెదుట భక్తులు చిన్న పీటల ముందు కూర్చుండి బియ్యముతో వేయు ఆకృతిని నిదానముగా చూడవలెను. మొదట పిడికెడు బియ్యమును చూపుడువ్రేలితో పఱచి స్వస్తికము దిద్దుదురు. దాని నాలుగు చేతులు దేవ, మనుష్య, తిర్యక్, నరక గతులు, అనగా జీవుడు తిరుగాడు నాలుగు జన్మమార్గములు. దానిపై మూడు చిన్న కుప్పలు జ్ఞాన దర్శన చారిత్రములు. వానికి మీద నెలవంక, సిద్ధులు, అనగా ముక్తజీవులు, వసించు సిద్ధశిల. ఆ యాకృతిపై మిఠాయియో పండో ఉంచి, మ్రొక్కి లేచిపోవుదురు. ప్రసాదముగా దానిని తిరిగి తీసికొనరు. విడిచినది విడిచినదే. జైన తత్త్వశాస్త్రమంతయు ఆ పీటమీద గుప్పెడు బియ్యములో ఇమిడియున్నది. గ్రంథములు చదువు తీరిక లేనివారు దీనిని చూచిన చాలును.

భోజనశాలలో ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప మొదలగు దుంపలు వాడరు. సూర్యాస్తమయమునకు ముందే పొయ్యి ఆర్పుదురు గనుక సాయంకాలపు బస్సులో దిగువారు ఆకలితో పరుండవలసివచ్చును. త్రాగుటకు కాచి చల్లార్చిన నీరిత్తురు. పార్శ్వనాథుని జన్మకల్యాణకమును, అనగా జన్మోత్సవమును, ఉత్తరదేశపు లెక్కలో పుష్య బహుళ దశమి, మన లెక్కలో మార్గశిర బహుళ దశమి నాడు జరుపుదురు; ఆ దినములలోను, చైత్ర శుద్ధ త్రయోదశి యగు మహావీర జయంతినాడును పార్శ్వనాథ తీర్థములందు రద్దీ యెక్కువ. వర్షాకాలము నాలుగు నెలలు యతులు ఒక్కచోటనే నిలుతురు. తక్కిన కాలమున తెల్లని వస్త్రములతో, చేతిలో రజోహరణమను ఉన్ని కుచ్చుతో, చెప్పులు లేని పాదములతో జాతీయ రహదారి అంచున నడచిపోవు సాధ్వులను రాయలసీమ లారీవారందఱును ఎఱుగుదురు.

విగ్రహముల గుర్తింపు

పొలములందును, ఊరిగుళ్ళయందును ఎదురగు విగ్రహము జైనమా, బౌద్ధమా, భైరవుడా యని సందేహము కలిగినపుడు కొన్ని గుర్తులు తోడ్పడును. పార్శ్వనాథునికి తలపై ఏడు పడగలు; సుపార్శ్వునికి ఐదు. ఆదినాథునికి పీఠముపై వృషభము, శాంతినాథునికి జింక, మహావీరునికి సింహము లాంఛనములు. ఆదినాథుని భుజములపై జడలు వ్రేలాడుచుండుటయు కలదు. దిగంబర విగ్రహమునకు వస్త్రము గాని, ఆభరణము గాని ఉండదు, కన్నులు అరమోడ్చినవి. శ్వేతాంబర విగ్రహమునకు నడుమున వస్త్రపు మడత, పొదిగిన తెఱచిన కన్నులు, పండుగనాడు వెండి బంగారు కవచము. పద్మాసనమున కూర్చున్న విగ్రహమును చూచి బుద్ధుడని తొందరపడరాదు. బుద్ధునికి భుజముమీద చీవరపు, అనగా భిక్షువస్త్రపు, అంచు కనబడును, తీర్థంకరుని వక్షస్థలమున శ్రీవత్సము కనబడవచ్చును, మీద ముక్కొడె యుండును.

తుగ్గలి సీమను చూచినవారికి ఇంకను ఓపిక యున్నచో అనంతపురము, కడప సీమల తీర్థములు చేరువనే యున్నవి. రాయదుర్గమున 1355లో భోగరాజను నాతడు ప్రతిష్ఠించిన శాంతినాథుని పీఠ శాసనము దొరకినది. అమరాపురము శాసనము 1278లో మల్లిసెట్టి యను గృహస్థుడు ఒక పార్శ్వ జినాలయమును రాతితో కట్టించుటకై రెండువేల పోకచెట్లు దానము చేసినట్లు తెలుపుచున్నది. పెనుకొండ పార్శ్వనాథాలయము నేటికిని పూజలందుచున్నది. ఢిల్లీ, కొల్హాపురము, జినకంచి, పెనుకొండ యనునవి దిగంబరులకు నాలుగు విద్యాస్థానములు. జమ్మలమడుగు సమీపమున పెన్న యొడ్డున ఇసుకలో పూడిన దానవులపాడు జినాలయమును 1903లో త్రవ్వి తీసిరి. అచ్చటి శిల్పములలో కొన్ని నేడు చెన్నై ప్రదర్శనశాలలో నున్నవి.

గుంతకల్లును మకాముగా నుంచుకొనుట ఈ యాత్రకు అనుకూలము. అచ్చటినుండి కొనకొండ్ల, చిప్పగిరి ఒక దినమున చూడవచ్చును. రాయచూరు రైలుదారిలో ఆదవానికి పోయి, పెద్దతుంబళమును చూచుకొని, మంత్రాలయము మీదుగా మరలవచ్చును. ఎఱ్ఱగుడికి గుత్తి దారియే దగ్గఱ. ఎండాకాలమున బండలు కాలును గనుక కార్తికము మొదలు ఫాల్గుణము వఱకు మంచి కాలము. కాలము చాలనివారు కొనకొండ్లను విడువరాదు. పెద్దతుంబళపు ఆలయమువంటివి దేశమున అనేకము కలవు, రసాసిద్ధులగుట్ట వంటిది ఈ సీమలో మఱియొకటి లేదు. పోవువారికి ఒక్క మనవి: బండమీది అక్షరములు చదువుటకని సున్నము గాని, రంగు గాని పూయకుడు, విగ్రహములకు నూనె రాయకుడు, గట్టుమీదనో కంచెరాళ్ళలోనో చెక్కడము గల రాయి కనబడినచో దానిని కదలింపక పురావస్తు శాఖవారికి తెలియజేయుడు.